వజ్రం కొన్నాక కట్ నాణ్యతను, విలువను సరిచూసుకోవడం ఎలా?

ఉంగరం ఇంటికి వచ్చి, పెట్టె తెరిచి నలుగురికీ చూపించాక, చాలామందికి వచ్చే సందేహం ఒకటే: ఇంత డబ్బు పోసి కొన్న రాయి నిజంగా అంత చేస్తుందా? షోరూం దీపాల కింద చూసిన మెరుపు ఇంట్లో ట్యూబ్‌లైటు కింద కనిపించకపోతే ఆ సందేహం రెట్టింపవుతుంది. దాన్ని కొలతతో, కంటితో, బిల్లుతో తీర్చుకునే క్రమం ఇక్కడ ఉంది. ఉదాహరణగా తీసుకున్నది ల్యాబ్ సర్టిఫికెట్ ఉండి, 18 క్యారెట్ల బంగారంలో పొదిగిన, బరువులో ఒక క్యారెట్‌కు అటూ ఇటూగా ఉండే గుండ్రటి సాలిటేర్, అంటే ఒంటిరాయి, ఉంగరం. ఇతర ఆకారాలకు, ఏడు రాళ్ల దుద్దులకు మారే అంశాలు చివర్లో విడిగా ఉన్నాయి.

ఈ పనిని కొన్న మొదటి వారంలోనే ముగించాలి. వస్తువును తిరిగి తీసుకునే గడువు ఒక్కో దుకాణంలో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, మొదట బిల్లు వెనక ముద్రించిన షరతులు చదివి ఆ తేదీని రాసిపెట్టుకోండి.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ల్యాబ్ సర్టిఫికెట్ అసలు ప్రతి, పూర్తి వివరాలున్న బిల్లు
- వస్తువులను 10 రెట్లు పెద్దగా చూపే లూప్
- మిల్లీమీటరులో నూరోవంతు వరకు చూపే డిజిటల్ కాలిపర్
- మెత్తటి టూత్‌బ్రష్, అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, గోరువెచ్చని నీళ్ల గిన్నె, పీచు రాలని గుడ్డ
- తెల్ల కాగితం, ముదురు ఎరుపు చార్టు ముక్క
- క్యాలిక్యులేటర్

లూప్ లేకపోతే ఫోన్ కెమెరాతో సరిపెట్టుకోవచ్చని అనుకోకండి. ఫోన్ తనంతట తాను వెలుతురును సరిచేస్తుంది కాబట్టి, మసకగా ఉన్న రాయి కూడా అందులో కళకళలాడుతుంది.

2. రాయిని కడగండి

ఈ మెట్టును దాటవేసి, మంచి వజ్రాన్ని అనుమానించిన వాళ్లు చాలామంది ఉన్నారు. వజ్రానికి జిడ్డును ఇట్టే పట్టుకునే స్వభావం ఉంది. పైనుంచి చూసినప్పుడు కనిపించే మెరుపు నిజానికి రాయి అడుగు ముఖాల నుంచి తిరిగి వచ్చే వెలుగు. ఆ అడుగు ముఖాల మీద చేతి జిడ్డు, సబ్బు పొర, క్రీము చేరితే వెలుగు వెనక్కి రాకుండా కిందికి జారిపోతుంది.

ఉంగరాన్ని లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బ్రష్‌ను రాయి వెనక నుంచి ఆడించండి. పైభాగం కన్నా వెనక భాగమే ముఖ్యం. సింకులో కాకుండా గిన్నెలోనే కడగండి. పగుళ్లను గాజులాంటి పదార్థంతో పూడ్చినట్టు సర్టిఫికెట్‌లో రాసి ఉంటే వేడి నీళ్లు, రసాయనాలు వాడకూడదు. ఆరాక రాయి ముఖాన్ని వేలితో తాకకుండా, ఉంగరం కడ్డీని పట్టుకుని మిగతా పరీక్షలు చేయండి.

3. సర్టిఫికెట్, రాయి ఒకటేనా చూడండి

జీఐఏ, ఐజీఐ వంటి ల్యాబ్‌లు రిపోర్టు నంబరును వెబ్‌సైట్‌లో సరిచూసుకునే వీలు ఇస్తాయి. కాగితం మీద ఉన్నదీ వెబ్‌సైట్‌లో ఉన్నదీ అక్షరం అక్షరం పోల్చండి. తరువాత రాయి నడుము అంచు మీద, అంటే గర్డిల్ మీద, లేజర్‌తో చెక్కిన నంబరును లూప్‌తో వెతకండి. లూప్‌ను కంటికి రెండు, మూడు సెంటీమీటర్ల దూరంలో ఆనించినట్టు పట్టుకుని, ఉంగరాన్నే దగ్గరికి తెచ్చి మెల్లగా తిప్పితే సన్నటి బూడిదరంగు గీతలా అంకెలు కనిపిస్తాయి. కొన్నిసార్లు నంబరు రాయిని పట్టి ఉంచే కొక్కెం కిందికి పోతుంది. అప్పుడు దుకాణానికి తీసుకువెళ్లి మైక్రోస్కోప్ కింద చూపమని అడగండి. అడగడం మీ హక్కు.

- రిపోర్టులో సహజ వజ్రమని ఉందా, ల్యాబ్‌లో తయారైనదని ఉందా? సీవీడీ, హెచ్‌పీహెచ్‌టీ అన్నవి ల్యాబ్‌లో వజ్రాన్ని తయారుచేసే పద్ధతులు. సీవీడీ అని ఉంటే అది ల్యాబ్ వజ్రం. హెచ్‌పీహెచ్‌టీ మాత్రం రంగు మార్చిన సహజ వజ్రం రిపోర్టులోనూ ఉండవచ్చు, కాబట్టి ఆ వాక్యం మొత్తం చదవండి.
- బిల్లులో కూడా అదే మాట ఉందా?
- ఉంగరం మీద హాల్‌మార్క్, ఆ నగకు ఇచ్చిన ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ ఉన్నాయా? బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడండి. అది బంగారం స్వచ్ఛతకు మాత్రమే హామీ. రాయి గురించి ఏమీ చెప్పదు.

పెన్నులాంటి టెస్టర్ పెట్టి, అది కూత పెట్టగానే అసలు వజ్రమని నమ్మించడం బజారులో మామూలే. ఆ సాధనం వేడి ప్రసరణను మాత్రమే కొలుస్తుంది. ల్యాబ్‌లో తయారైనది కూడా వజ్రమే కాబట్టి ఆ కూత రెండింటికీ ఒకటే. సాధారణ రకం టెస్టర్లయితే వజ్రంలా కనిపించే వేరే రాయి మొయిసనైట్‌ను కూడా వజ్రమనే చూపుతాయి.

4. సర్టిఫికెట్‌లో కట్‌ను చదవండి

కట్ అంటే ఆకారం కాదు. గుండ్రం, ఓవల్, పియర్ అన్నవి ఆకారాలు. కట్ అంటే ముఖాల కోణాలు, నిష్పత్తులు, సానపనితనం కలిసి వెలుగును ఎంత బాగా తిప్పి పంపుతున్నాయన్న లెక్క. గుండ్రటి వజ్రానికి జీఐఏ ఎక్సలెంట్ నుంచి పూర్ వరకు ఐదు గ్రేడ్లు ఇస్తుంది.

అయితే ఎక్సలెంట్ అన్న ఒక్క మాటతో ఆగిపోకూడదు. ఆ గ్రేడు పరిధి విశాలమైనది. దాని లోపలే చాలా బాగా మెరిసే రాళ్లూ, టేబుల్ కింద కొంత వెలుగు కారిపోయే రాళ్లూ ఉంటాయి. రిపోర్టులో రాయిని పక్కనుంచి చూపే రేఖాచిత్రం తీసి, ఈ అంకెలతో పోల్చండి. టేబుల్ అంటే పైన చదునుగా ఉన్న పెద్ద ముఖం, క్రౌన్ అంటే నడుముకు పైభాగం, పెవిలియన్ అంటే నడుము కింది శంకువు భాగం, క్యూలెట్ అంటే అడుగు మొన.

- టేబుల్: రాయి వ్యాసంలో 54 నుంచి 58 శాతం
- మొత్తం లోతు: వ్యాసంలో 59.5 నుంచి 62.5 శాతం
- క్రౌన్ కోణం: 34 నుంచి 35 డిగ్రీలు
- పెవిలియన్ కోణం: 40.6 నుంచి 41 డిగ్రీలు
- గర్డిల్: థిన్ నుంచి స్లైట్లీ థిక్ వరకు
- క్యూలెట్: నన్, లేదా వెరీ స్మాల్
- పాలిష్ (ముఖాల నునుపు), సిమెట్రీ (ముఖాల అమరిక): రెండూ ఎక్సలెంట్, కనీసం వెరీ గుడ్

ఇవి నేను కొనేటప్పుడు పట్టుకునే హద్దులు. ల్యాబ్‌ల హద్దులు ఇంతకంటే వెడల్పు. వీటిలో ఒకటి కొంచెం బయటికి పోయినంత మాత్రాన రాయి చెడ్డదైపోదు. క్రౌన్, పెవిలియన్ కోణాలు ఒకదానికొకటి ఆసరా ఇస్తాయి: క్రౌన్ కాస్త ఎక్కువైతే పెవిలియన్ కాస్త తగ్గాలి. రెండూ ఒకేసారి పెరగడమే అసలు ప్రమాదం. ఉదాహరణకు క్రౌన్ 36, పెవిలియన్ 41.4 ఉన్న రాయిలో టేబుల్ అంచుల కింద వెలుగు జారిపోయి మసక వలయం కనిపించవచ్చు.

ఇంకో వివరం తెలిసి ఉండాలి. జీఐఏ రిపోర్టులో క్రౌన్ కోణాన్ని అర డిగ్రీకి, పెవిలియన్ కోణాన్ని 0.2 డిగ్రీకి సవరించి ముద్రిస్తారు. కాబట్టి ఒకే అంకెలున్న రెండు రాళ్లు కంటికి ఒకేలా ఉండనక్కర్లేదు. ఆరో మెట్టు ఇందుకే ఉంది.

5. దాచిన బరువు ఉందేమో లెక్కించండి

వజ్రానికి బరువు ప్రకారం డబ్బు కడతాం, కానీ కంటికి కనిపించేది వ్యాసం. ముడిరాయి నుంచి వీలైనంత బరువు మిగల్చాలని సానపట్టేవారు కొన్నిసార్లు అడుగును లోతుగా, నడుమును మందంగా వదిలేస్తారు. ఆ బరువుకు మనం డబ్బు చెల్లిస్తాం, దాని మెరుపు మాత్రం మనకు రాదు. నా ఉద్దేశంలో కొన్నవారిని ఎక్కువగా నష్టపరిచేది ఇదే.

బాగా కోసిన గుండ్రటి వజ్రాల వ్యాసాలు సుమారుగా ఇలా ఉంటాయి:

- 30 సెంట్లు: 4.3 మిల్లీమీటర్లు
- 50 సెంట్లు: 5.1
- 90 సెంట్లు: 6.2
- 1 క్యారెట్: 6.4 నుంచి 6.5
- 2 క్యారెట్లు: 8.1

నూరు సెంట్లు ఒక క్యారెట్, ఒక క్యారెట్ 0.2 గ్రాములు.

మా అక్క కొన్న ఉంగరాన్ని ఇలాగే ఇంట్లో కూర్చుని లెక్కవేశాం. బరువు 1.01 క్యారెట్లు, రంగు, స్వచ్ఛత రెండూ మంచివే, కట్ మాత్రం గుడ్. కొలతల వరుసలో సగటు వ్యాసం 6.24, లోతు 4.04 మిల్లీమీటర్లు. 4.04ను 6.24తో భాగిస్తే లోతు 64.7 శాతం వచ్చింది. గర్డిల్ దగ్గర థిక్ అని రాసి ఉంది. అంటే పైనుంచి చూస్తే అది 90 సెంట్ల రాయంత మాత్రమే కనిపిస్తుంది. మిగిలిన పదకొండు సెంట్లు నడుములోనూ అడుగులోనూ ఉండిపోయాయి. అక్క దానికి ఒక క్యారెట్ దాటిన రాళ్ల ధర కట్టింది. ఒక క్యారెట్ గీత దాటితే మొత్తం ధరే కాదు, క్యారెట్ ఒక్కింటి ధర కూడా ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి, తొంభై సెంట్ల రాయికీ దానికీ ధరలో వచ్చే తేడా పదకొండు సెంట్ల విలువతో ఆగదు.

మీ రాయికి వరుసగా ఇలా చేయండి.

- రిపోర్టులోని కనిష్ఠ, గరిష్ఠ వ్యాసాలను కలిపి రెండుతో భాగించండి. 6.41, 6.45 ఉంటే సగటు 6.43.
- లోతును సగటుతో భాగించండి. 3.97ను 6.43తో భాగిస్తే 61.7 శాతం.
- సగటును సగటుతో గుణించి, దాన్ని లోతుతోనూ, తరువాత 0.0061తోనూ గుణించండి. ఇక్కడ సరిగ్గా 1.00 వస్తుంది. నడుము మందాన్ని బట్టి ఒకటి రెండు శాతం కలిపితే 1.01 లేదా 1.02 క్యారెట్లు. రిపోర్టులోని బరువు దీనికి దగ్గరగా ఉండాలి.
- కనిష్ఠ, గరిష్ఠ వ్యాసాల తేడా సగటులో ఒక శాతం లోపు ఉంటే గుండ్రం బాగున్నట్టు. రెండు శాతం దాటితే గుండ్రం తప్పినట్టు.

చివరగా కాలిపర్‌తో కొక్కేల మధ్య ఖాళీలో వ్యాసాన్ని కొలవండి. దవడలను బిగించకండి, తాకితే చాలు. సన్నటి నడుము అంచు ఒత్తిడికి పెచ్చు లేచే ప్రమాదం ఉంది. రిపోర్టు కొలతకు 0.05 మిల్లీమీటరుకు మించి తేడా వస్తే మళ్లీ కొలవండి. అప్పటికీ తేడా ఉంటే రాయి మారిందేమోనని అడగవలసిందే.

6. నాలుగు వెలుతురుల్లో చూడండి

షోరూం కప్పు నిండా ఉండే చిన్న చిన్న స్పాట్‌లైట్ల కింద ఏ రాయైనా రంగులు చిమ్ముతుంది. కట్‌లోని తేడా బయటపడేది మామూలు వెలుతురులోనే. రాయిని కంటికి సుమారు ముప్పై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి, మెల్లగా అటూ ఇటూ ఊపుతూ చూడండి.

మొదటిది ఇంట్లో ట్యూబ్‌లైటు. ఇక్కడ రాయి అంచు నుంచి అంచు వరకు తెల్లగా వెలగాలి. మధ్యలో మాత్రమే వెలిగి అంచులు బూడిదరంగులో ఉంటే రాయి ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది.

రెండోది చెట్టు నీడ. నాకు అన్నిటికన్నా ఎక్కువ నమ్మకం ఉన్న పరీక్ష ఇది. ఆకుల సందుల నుంచి వచ్చే వెలుగులో మంచి కట్ ఉన్న రాయి ఊపిన ప్రతిసారీ తెలుపు, నలుపు చదరాలు స్పష్టంగా చోటు మార్చుకుంటాయి, మధ్యమధ్య ఎరుపు, నీలం మెరుపులు పలుకుతాయి. బలహీనమైన కట్ ఉన్న రాయిలో ఒక చోటి మసక ఎంత ఊపినా అక్కడే నిలిచిపోతుంది.

మూడోది కిటికీ పక్కన మబ్బు వెలుతురు. ఉంగరం తొడుక్కుని నేరుగా పైనుంచి చూసినప్పుడు, టేబుల్ కింద వేలి చర్మం రంగు కనిపిస్తోందా? కనిపిస్తే అక్కడ వెలుగు కారిపోతున్నట్టే.

నాలుగోది దీపం వెలుతురు. గదిలో లైట్లు ఆర్పి దేవుడి దగ్గర దీపం ముందు పట్టుకుంటే, మంచి రాయిలో పెద్ద పెద్ద రంగుల మెరుపులు కొద్దిగా, కానీ తీక్షణంగా వస్తాయి.

నేరుగా ఎండలో మాత్రం తీర్పు చెప్పకండి. అక్కడ మంచి వజ్రం కూడా ముదురుగా కనిపించి, నిప్పురవ్వల్లా అక్కడక్కడే మెరుస్తుంది. అది లోపం కాదు. రిపోర్టులో ఫ్లోరసెన్స్, అంటే అతినీలలోహిత కాంతి పడితే రాయి వెలిగే గుణం, స్ట్రాంగ్ లేదా వెరీ స్ట్రాంగ్ అని ఉన్నవాళ్లు మాత్రం ఎండలో ఒకసారి చూడాలి. పాలు కలిపిన నీళ్లలా తెల్లటి మసక కనిపిస్తే విలువ తగ్గుతుంది. కనిపించకపోతే కంగారు అక్కర్లేదు, ఫ్లోరసెన్స్ ఉన్న రాళ్లన్నీ మసకబారవు.

వెలుగు కారడాన్ని ఇంకా స్పష్టంగా చూడాలంటే, ఎర్ర చార్టును గరాటులా చుట్టి, లోపలివైపు ఎరుపు ఉండేలా, మొనలో చిన్న రంధ్రం ఉంచండి. గరాటు వెడల్పు నోటిని రాయి మీద ఆనించి, రాయి వెనక నుంచి తెల్లటి వెలుగు పడేలా చేసి రంధ్రంలోంచి చూడండి. ఎర్రగా కనిపించే చోటు వెలుగు కంటికి తిరిగి వస్తున్న చోటు. తెల్లగా కనిపించేది కారిపోతున్న చోటు. టేబుల్ చుట్టూ తెల్లటి వలయం ఉంటే నాలుగో మెట్టులోని కోణాలను మళ్లీ చూడండి. రాయి వెనక మూసి పొదిగిన ఉంగరానికి ఈ పరీక్ష పనికిరాదు.

7. లూప్‌తో దగ్గరగా చూడండి

నేరుగా పైనుంచి చూసినప్పుడు మధ్య నుంచి అంచు వైపు ఎనిమిది ముదురు బాణాలు కనిపించాలి. అవి సమానంగా, నిటారుగా ఉంటే సిమెట్రీ బాగున్నట్టు.

- టేబుల్ అంచు లోపల బూడిదరంగు వలయం కనిపిస్తే: పెవిలియన్ మరీ పలచన. దీన్ని చేపకన్ను అంటారు.
- టేబుల్ మధ్యంతా నల్లగా మేకు తలలా ఉంటే: పెవిలియన్ మరీ లోతు.
- అడుగు మొన టేబుల్ మధ్యలో కాకుండా పక్కకు ఉంటే: ముఖాల అమరిక తప్పింది.
- నడుము అంచు ఒకచోట కత్తి అంచులా ఉంటే: పెచ్చు లేచే ప్రమాదం ఉంది. ఆ చోట కొక్కెం ఉండేలా మళ్లీ పొదిగించాలి.

8. విలువను సాటి రాళ్లతోనే పోల్చండి

స్నేహితురాలు కొన్న ఒక క్యారెట్ ధరతో మీ రాయిని పోల్చడం వృథా. ఆకారం, బరువు, రంగు, స్వచ్ఛత, కట్, పాలిష్, సిమెట్రీ, ఫ్లోరసెన్స్, రిపోర్టు ఇచ్చిన ల్యాబ్, సహజమా కాదా అన్న పది విషయాలూ కలిసినప్పుడే పోలిక పోలిక అవుతుంది. ఒకే వారంలో అలాంటి కనీసం ఐదు విడి రాళ్ల ధరలు సేకరించి, అన్నిటికన్నా ఎక్కువదాన్నీ తక్కువదాన్నీ తీసేసి మిగతావాటి నడిమి ధర తీసుకోండి. బరువు మీ రాయికి మూడు సెంట్ల లోపు తేడాలో ఉండాలి, 0.90, 1.00, 1.50 వంటి గీతలకు అటువైపు పోకూడదు.

వర్తకులు రాపపోర్ట్ ధరల పట్టిక చూసి బేరమాడతారు. అది డాలర్లలో ఉండే మొదటి మాట మాత్రమే. రాయిని బట్టి దానిపై తగ్గింపు కట్టి కొంటారు, అమ్ముతారు. ఆ అంకెను మీ రాయి విలువగా పట్టుకోకండి. అలాగే బీమా కోసం ఇచ్చే వాల్యుయేషన్ కాగితంలోని మొత్తం కూడా అమ్మితే వచ్చే ధర కాదు.

ల్యాబ్ వజ్రమైతే లెక్క వేరు. గత కొన్నేళ్లలో వాటి ధరలు బాగా పడిపోయాయి కాబట్టి, పాత బిల్లుతో కాక ఈ వారం ధరతోనే పోల్చాలి. 2025 అక్టోబరు నుంచి జీఐఏ వాటికి డీ నుంచి జెడ్ వరకు రంగు గ్రేడ్లు ఇవ్వడం మాని, ప్రీమియం, స్టాండర్డ్ అన్న రెండు వర్గాలుగా మాత్రమే చెబుతోంది.

తూకం వేసుకోవలసి వస్తే నా సలహా ఇది: రంగులో, స్వచ్ఛతలో ఒక మెట్టు దిగినా ఉంగరంలో కంటికి దొరకదు, కట్‌లో దిగితే ప్రతిరోజూ కనిపిస్తుంది.

9. బిల్లును విడదీయండి

- మొత్తం బరువు నుంచి రాళ్ల బరువు తీసేశారా? ఉంగరం 4.20 గ్రాములు, రాయి 1.01 క్యారెట్లయితే రాయి 0.202 గ్రాములు, బంగారం 3.998 గ్రాములు. రెండు క్యారెట్ల దుద్దులు, ఎనిమిది క్యారెట్ల నెక్లెసు కొన్నప్పుడు ఈ తేడా గ్రాముల్లోకి వెళుతుంది.
- బంగారానికి 18 క్యారెట్ల ధరే వేశారా? అది 24 క్యారెట్ల ధరలో 75 శాతం.
- వజ్రం బరువు, క్యారెట్ ధర విడిగా రాశారా? అన్నీ కలిపి ఒకే అంకె ఉంటే విడగొట్టి ఇవ్వమని అడగండి.
- మజూరీ, తరుగు ఎంత? తరుగు లేదన్న చోట అది వజ్రం ధరలోకి చేరిందేమో ఎనిమిదో మెట్టులోని నడిమి ధరతో తేలుతుంది.
- నగ మీద జీఎస్టీ 3 శాతమే ఉందా?
- బైబ్యాక్ షరతు, అంటే దుకాణం నగను తిరిగి కొనే షరతు, రాతపూర్వకంగా ఉందా? ఎంత శాతం, బిల్లు ధర మీదా అప్పటి ధర మీదా, నగదుగానా మార్పిడికేనా అన్న మూడు ప్రశ్నలకూ అందులో జవాబుండాలి.

10. ఇతర ఆకారాలు, చిన్న రాళ్లు

ఓవల్, పియర్, మార్కీజ్ ఆకారాలకు జీఐఏ కట్ గ్రేడు ఇవ్వదు, పాలిష్, సిమెట్రీ మాత్రమే ఇస్తుంది. అందువల్ల అంకెలకన్నా కన్నే ముఖ్యం. మధ్యలో అడ్డంగా సీతాకోకచిలుక రెక్కల్లా నల్లటి నీడ కనిపిస్తుంది. అది ఊపినప్పుడు వెలుగుగా మారితే పరవాలేదు, కదలకుండా నల్లగానే ఉంటే కట్ బాగాలేదు.

ఏడు రాళ్ల దుద్దుల్లో ఒక్కో రాయికి విడిగా రిపోర్టు ఉండదు. పొదిగిన నగకు ఇచ్చే రిపోర్టులో గ్రేడ్లు పొదుగు అనుమతించినంత మేరకు చూసి చెప్పినవే. రెండు దుద్దులనూ చెట్టు నీడలో పక్కపక్కన పట్టుకుని, పద్నాలుగు రాళ్లలో చచ్చుగా ఉన్నది ఉందేమో వెతకండి. వెనక మూసి పొదిగితే జిడ్డు లోపలే చిక్కి శుభ్రం కాదు. రోజూ పెట్టుకునేవాటికి వెనక తెరిచిన పొదుగే అడగండి.

11. తేడా వస్తే

మొదట మీ లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసి, రాయి ఫోటోలతో, గడువు లోపల దుకాణానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇచ్చినట్టు సంతకం తీసుకోండి, లేదా ఈమెయిల్ చేయండి. మాటలతో తేలకపోతే స్వతంత్ర ల్యాబ్ పరీక్ష కోరండి. ఐజీఐకి హైదరాబాద్‌లోనూ ల్యాబ్ ఉంది. జీఐఏ విడి రాళ్లనే గ్రేడు చేస్తుంది కాబట్టి, దానికి పంపాలంటే రాయిని ఉంగరం నుంచి తీయించాలి. ఆ పని మీ కళ్లెదుటే జరగాలి, తీసిన వెంటనే బరువు తూచి రాయించుకోవాలి.

రిపోర్టుకూ రాయికీ పొంతన లేదని తేలినా దుకాణం స్పందించకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర రూ. 50 లక్షల వరకు ఉన్న ఫిర్యాదులు అక్కడికే వెళతాయి, వివాదానికి కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. అసలు సర్టిఫికెట్‌నూ అసలు బిల్లునూ ఎక్కడా వదిలిపెట్టకుండా, నకళ్లు మాత్రమే ఇవ్వండి.